రూల్ బుక్‌లో లేనప్పుడు

మీ ఇంట్లో పదేళ్లు దాటిన పిల్లలుంటే ఈ ప్రశ్న మీకు కొత్త కాదు: "అలా చేయకూడదని ఎక్కడుంది?" రాత్రి ఎనిమిది దాటాక ఫోన్ ముట్టుకోకూడదని మీరంటారు. ఎనిమిదింపావుకు చేతిలో ట్యాబ్ కనిపిస్తుంది. అడిగితే "ఇది ఫోన్ కాదుగా నాన్నా!" అని సమాధానం. మనకు ఒళ్లు మండుతుంది. కానీ కాసేపు ఆగి చూస్తే వాళ్ల మాటలో అబద్ధం లేదు. మనం పెట్టిన రూలు ట్యాబ్ ఊసే ఎత్తలేదు.

అలాంటి చోట పెద్దవాళ్లు ఏం చేస్తే బాగుంటుందో, మా అమ్మాయి ఆడించే ఒక ఆటను చూస్తూ కొంత తెలుసుకున్నాను. నేను టీచర్ని కాదు, పిల్లల మనస్తత్వ నిపుణుణ్ణీ కాదు. మన స్కూల్లో ఎనిమిదో తరగతి చదివే అమ్మాయికీ, మూడో తరగతి చదివే అబ్బాయికీ తండ్రిని. దీన్ని పక్కింటివాళ్లు చెప్పే కబురు అనుకుని చదవండి.

ముందు ఆట సంగతి. దీన్ని టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటారు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు కలిసి తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' వీటిలో మొదటిదీ, ఇప్పటికీ పెద్దదీ. నలుగురైదుగురు ఒక చోట కూర్చుంటారు. ఒకరు గేమ్ మాస్టర్. కథ చెప్పేదీ, రాక్షసుల తరఫున ఆడేదీ, తగవొస్తే తీర్పు చెప్పేదీ ఆ ఒక్కరే. మిగతావాళ్లకు తలా ఒక పాత్ర. "మీ ముందు పాడుబడ్డ కోట ఉంది. తలుపు మూసి ఉంది. ఏం చేస్తారు?" అని మాస్టర్ అడిగితే ఒకరు తలుపు తంతామంటారు, ఇంకొకరు గోడ ఎక్కుతామంటారు. అది జరుగుతుందో లేదో అనుమానమైతే ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పని ఎంత కష్టమో మాస్టర్ ఒక అంకెలో చెబుతుంది. తేలికదైతే 10, ఓ మోస్తరుదైతే 15, కష్టమైనదైతే 20. పాచిక మీద పడిన అంకెకు పాత్ర బలాన్ని కలిపి అక్కడిదాకా వస్తే పని అయినట్టే.

కంప్యూటర్ గేమ్‌లో తయారుచేసినవాళ్లు పెట్టని తలుపు ఎంత తన్నినా తెరుచుకోదు. ఇక్కడ అలా కాదు. ఆడేవాళ్లు ఏం చేస్తామన్నా అనొచ్చు. రూల్ బుక్ 300 పేజీలు దాటి ఉంటుంది. అయినా పన్నెండేళ్ల పిల్లల బుర్రలో పుట్టేవన్నీ ఏ పుస్తకంలోనూ పట్టవు. ప్రతి పావుగంటకూ పుస్తకం చెప్పని సంగతి ఒకటి వస్తుంది.

ఈ చిక్కు ఆ ఆటకన్నా పాతది. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్‌విట్జ్ అనే యువ అధికారి తోటి అధికారుల శిక్షణ కోసం 'క్రీగ్‌స్పీల్' అనే యుద్ధపు ఆట తయారుచేశాడు. పటం, దిమ్మెలు, పాచికలు, లెక్కల పట్టికలు, నడిపించడానికి ఒక అంపైర్. పోనుపోను రూల్స్ పెరిగి ఆట నత్తనడక పట్టింది. 1876లో వెర్డీ డు వెర్నువా అనే మరో అధికారి ఆ పట్టికలన్నీ పక్కన పెట్టి, అనుభవమున్న అంపైర్ మాటనే తీర్పుగా తీసుకునే పద్ధతి ప్రతిపాదించాడు. పుస్తకం మాటే చెల్లాలనేవాళ్లు ఒకవైపు, మాస్టర్ బుద్ధికి వదలాలనేవాళ్లు ఒకవైపు. ఆ రెండు పక్షాలూ ఇప్పటి ఆటల్లోనూ ఉన్నాయి. మా ఇంట్లో అయితే రెండూ ఒకే పంచలో కూర్చున్నాయి.

మా ఊరు కొమరోలు. పోయిన వేసవి సెలవుల్లో విజయవాడ నుంచి గిద్దలూరుదాకా రైల్లో, అక్కణ్ణించి బస్సులో పాచికలతో సహా దిగాం. ఆ పక్క వేసవి ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. పదకొండు దాటితే వీధిలో కుక్క కూడా కనపడదు. సాయంత్రం నాలుగున్నరదాకా పిల్లలకు పంచే గతి. కింద నాపరాయి బండలు చల్లగా ఉంటాయి. వాటిలో ఒక బండ మీద పులిమేక గీతలు నా చిన్నప్పటి నుంచీ చెక్కే ఉన్నాయి. మా పిల్లలు సరిగ్గా ఆ బండ చుట్టూనే కూర్చున్నారు.

ఆడేవాళ్లు నలుగురు. మా అన్న కొడుకు ఊళ్లోనే ఉంటాడు, అప్పుడే పది పాసయ్యాడు. మా తమ్ముడి కొడుకు బెంగళూరులో తొమ్మిది చదువుతున్నాడు. మా చెల్లెలి కూతురిది ఆరో తరగతి. నాలుగోవాడు మావాడు. మాస్టర్ మా అమ్మాయి. కథను నల్లమలలో పెట్టింది. అడవిలో పాడుబడ్డ కోట, అందులో నిధి, దారి కాచే ఓగర్ అనే కొండంత రాక్షసుడు.

మొదటిరోజే తగవొచ్చింది. రాక్షసుడు తరుముకొస్తున్నాడు. మా అన్న కొడుకు తన దగ్గరున్న తాడును రెండు చెట్ల మధ్య మోకాలెత్తున కట్టి, పైన గడ్డి కప్పి, రాక్షసుణ్ణి అటువైపు పరుగెత్తిస్తానన్నాడు. బెంగళూరు పిల్లవాడు చకచకా పేజీలు తిప్పాడు. 2014లో వచ్చిన అయిదో ఎడిషన్ పుస్తకం అది. తాడు గురించి అందులో ఒక్క ముక్క ఉంది. బలపరీక్షలో 17 తెచ్చుకున్నవాడు తాడును తెంపేయగలడని. ఇంగ్లీష్‌లో గట్టిగా చదివి వినిపించాడు. మా అమ్మాయి రాక్షసుడి తరఫున పాచిక వేసింది, 14 పడింది. రాక్షసుడి బలం 4 కలిపితే 18. తాడు తెగింది, రాక్షసుడు ఆగలేదు.

"తెగేది తర్వాత. ముందు వాని కాళ్లకు అడ్డం పడతాది గదా!" అన్నాడు మా అన్న కొడుకు. "పడిపోవడం గురించి బుక్‌లో ఏమీ లేదు" అన్నాడు రెండోవాడు. ఆట సాగిపోయింది.

మర్నాడు పెద్దవాడు రాలేదు. మా అమ్మాయి పిలవబోతే, వాడు కొట్టం దగ్గర నుంచే అన్నాడు: "పుస్తకం మీ చేతుల్లో ఉండాది. నేనేం చెప్పినా అందులో లేదంటారు. ఇంగ నేనెందుకు?"

ఈ మాట దగ్గర మీరు కాస్త ఆగాలని నా కోరిక. వాడు చదివిందీ ఇంగ్లీష్ మీడియంలోనే. తెలివిలో ఎవరికీ తీసిపోడు. పగ్గం ఎలా కట్టాలో, పశువు ఎలా తొక్కుకుని పడుతుందో ఆ పంచలో వాడికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. కానీ 300 పేజీల ఇంగ్లీష్ పుస్తకంలో కావలసిన వాక్యం అరనిమిషంలో పట్టుకునే అలవాటు వాడికి లేదు. ఆ అలవాటు ఉన్నవాడి చేతిలో రూల్ బుక్ కర్ర అయింది. మన పిల్లలు చాలామంది ఆ రెండో రకంవాళ్లే. మన స్కూళ్లు వాళ్లకు ఇచ్చే గొప్ప బలం అది, దాని కోసమే కదా మనం ఫీజులు కడుతున్నాం. ఆ బలాన్ని పక్కవాడి నోరు మూయించడానికి వాడుతున్నారేమో చూసే పని మాత్రం స్కూలుది కాదు, మనది.

నేను కల్పించుకోలేదు. మా అమ్మ కూడా వద్దంది. "వాళ్ల ఆట వాళ్లు చూసుకుంటార్లే" అని తమలపాకు నోట్లో పెట్టుకుంది. ఆమెకు ఆ ధైర్యం ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలుసు. అదే పంచలో మా అవ్వ తీర్పులు చెప్పడం ఆమె ఏళ్ల తరబడి చూసింది.

మా చిన్నప్పుడు వేసవి అంటే అష్టాచెమ్మా. అయిదు గళ్లు అడ్డం, అయిదు నిలువు, నాలుగు గవ్వలు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. గవ్వలు దొరక్కపోతే చింతగింజలు బండ మీద అరగదీసి ఆడేవాళ్లం. వాటితో తగవులు మరీ ఎక్కువ. గింజ గోడకు ఒరిగితే అది తెలుపా, నలుపా? ఒక గవ్వ మరో గవ్వ మీద ఎక్కి నిలబడితే? "తొండి!" అని ఒకరు, "తూచ్, మళ్లీ వెయ్!" అని ఒకరు. కేకలు వీధిదాకా పోయేవి. అవ్వ మంచం మీంచి లేవకుండానే ఒకే ప్రశ్న అడిగేది: "ఎయ్యకముందు అనుకున్నారా?" అనుకుని ఉంటే ఆ మాటే చెల్లు. అనుకోకపోతే ఈసారికి మళ్లీ వెయ్యాలి, ఇకమీద ఒరిగింది లెక్కలోకి రాదు. అంతే. ఎవరిది న్యాయమో ఆమె చూసేది కాదు. గవ్వ పడ్డాక ఎవరికి ఏది లాభమో అందరికీ తెలిసిపోతుంది కాబట్టి, ఆ తర్వాత చెప్పే న్యాయాన్ని ఆమె నమ్మేది కాదు.

పులిమేకలోనూ ఇలాంటివే. మూడు పులులు, పదిహేను మేకలు అన్నంతవరకూ పేచీ లేదు. కానీ పులి ఒకే ఎత్తులో రెండు మేకల్ని దాటి తినొచ్చా? మా ఊళ్లో కూడదు, మా అమ్మ పుట్టింటి దగ్గర కూడును. సెలవులకు అక్కడి పిల్లలు వచ్చారంటే మొదట తేలాల్సింది ఇదే. ఏ ఊళ్లో ఆడితే ఆ ఊరి రూలు అని అవ్వ తీర్పు. మేం వాళ్ల ఊరెళ్లినప్పుడు నోరు మూసుకుని వాళ్ల రూలుకే ఆడాం. ఈ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో దీన్ని 'హౌస్ రూల్' అంటారట. పేరే కొత్తది.

పాచిక దగ్గరా ఇదే. నెట్‌ఫ్లిక్స్‌లో 'స్ట్రేంజర్ థింగ్స్' చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 2016లో వచ్చిన మొదటి ఎపిసోడ్‌లో నలుగురు పిల్లలు ఈ ఆటే ఆడుతుంటారు. ముఖ్యమైన ఘట్టంలో విల్ అనే అబ్బాయి వేసిన పాచిక బల్ల మీంచి దొర్లి ఎటో పోతుంది. వెతికితే దాని మీద 7 ఉంటుంది, అది చాలదు. మాస్టర్ చూడలేదు కాబట్టి లెక్కలేదని స్నేహితుడు అంటాడు. ఇంటికి వెళ్లేముందు విల్ తనంతట తానే మాస్టర్‌కు ఆ అంకె చెప్పేస్తాడు. రాక్షసులు, రహస్యాలు అన్నీ ఉన్న ఆ సీరియల్లో నాకు బాగా నచ్చింది ఈ ఒక్క చిన్న ముక్క. కిందపడ్డ పాచిక లెక్కా కాదా అన్నది వాళ్లు ముందుగా అనుకోలేదు. మా అవ్వ అక్కడుంటే మళ్లీ వేయించేది.

కొమరోలు సంగతికి వస్తాను. ఆ సాయంత్రం మా అమ్మాయి ఒక్కతే కొట్టం దగ్గరికి వెళ్లింది. ఏం మాట్లాడుకున్నారో తర్వాత తనే చెప్పింది. "అన్నా, అయిపోయిన ఆట వెనక్కి తిప్పను. రాక్షసుడు దాటిపోయాడు. కానీ బుక్ తాడు తెగడం గురించి మాత్రమే చెప్పింది, కాళ్లకు అడ్డం పడటం గురించి ఏమీ చెప్పలేదు. చెప్పలేదంటే వద్దన్నట్టు కాదు. రేపటి నుంచి బుక్ చెప్పనిచోట నేను చెబుతాను, పాచిక వేయకముందే చెబుతాను." వాడు కాసేపు ఆలోచించి, "అయితే రాసిపెట్టు" అన్నాడట.

రాయడానికి ఇంట్లో దొరికింది పాత మార్కాపురం పలక. మా పక్క ప్రతి ఇంట్లో అటకమీద ఒకటుంటుంది. దానిమీద మూడు మాటలు రాసింది. ఆట నడుస్తుండగా పుస్తకం తెరవకూడదు, సాయంత్రం చూసుకోవాలి. వాదించాలంటే ఒక్క నిమిషం, అదీ తెలుగులో, అందరికీ అర్థమయ్యేలా. ఒకసారి ఒకరికి చెప్పిన తీర్పు తర్వాత అందరికీ, రాక్షసులకూ వర్తిస్తుంది. పలక మీది మాట మార్చాలంటే ఆట మొదలుపెట్టకముందే అడగాలి.

మూడోరోజు పెద్దవాడు వచ్చాడు. తాడూ తెచ్చుకున్నాడు, ఆటలోని తాడే లెండి. ఈసారి మాస్టర్ ముందే చెప్పింది: రాక్షసుడు తాడును చూడకుండా ఉంటే నీకు 15 కావాలి, గడ్డి కప్పావు కాబట్టి రెండు పాచికలు వేసి పెద్దది తీసుకో. రెండు పాచికల పద్ధతి పుస్తకంలో ఉన్నదే. పరిస్థితి అనుకూలంగా ఉంటే మాస్టర్ అలా ఇవ్వొచ్చు. ప్రతి చిన్న వివరానికీ లెక్క కట్టే పని లేకుండా, బాగా ఆలోచించినవాడికి కాస్త మొగ్గు చూపించడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు. 6, 17 పడ్డాయి. రాక్షసుడు బోర్లా పడ్డాడు. పంచ అదిరిపోయింది.

అసలు పరీక్ష మాత్రం ఆ మధ్యాహ్నం వచ్చింది. బెంగళూరు పిల్లవాడి పాత్రకు నీళ్లు పుట్టించే మంత్రం ఉంది. మూత లేని పాత్రలో 10 గ్యాలన్ల మంచినీళ్లు పుట్టించవచ్చు, అంటే సుమారు 38 లీటర్లు. వాడి పథకం ఏమిటంటే, రాక్షసుడు నోరు తెరిచి అరుస్తున్నాడు, కాబట్టి వాడి ఊపిరితిత్తులు 'ఓపెన్ కంటైనర్', నీళ్లు అక్కడ పుట్టిస్తే ఒక్క దెబ్బకు చస్తాడు. ఇది వాడి సొంత ఆలోచన కాదు. ఈ ఆట ఆడేవాళ్లందరికీ తెలిసిన పాత వాదమే, ఎందరు మాస్టర్ల బుర్రలు తిన్నదో.

రూలు ప్రకారం వాడికి ఒక్క నిమిషం వచ్చింది, తెలుగులో. "మూత తెరిచి ఉన్న... పాత్ర... అంటే నోరు..." అని మొదలుపెట్టి వాడికే నవ్వొచ్చింది. ఇంగ్లీష్‌లో కంటైనర్ అంటే ఏదైనా కావొచ్చు. తెలుగులో గిన్నె, చెంబు, బిందె, తొట్టి. ఊపిరితిత్తుల్ని ఎవరూ గిన్నె అనరు. మన భాష గొప్పదని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆ ఆటలో తెలుగులోకి రానని మొరాయించే మాటలు బోలెడున్నాయి. కానీ ఒక వాదం నిలబడుతుందో లేదో చూడాలంటే ఇంకో భాషలో చెప్పించడం మంచి పరీక్షే. రెండు భాషల ఇళ్లు మనవి. ఈ సౌకర్యం మనకు ఉచితంగా ఉంది.

అయినా వాడు వదల్లేదు. అప్పుడు మా అమ్మాయి పలకలోని మూడో మాట చూపించింది. "సరే అన్నా, ఒప్పుకుంటాను. కానీ కోటలో వాళ్లకూ ఒక మంత్రగాడున్నాడు. వాడికీ ఇదే మంత్రం వచ్చు. నీ నోరు కూడా ఇప్పుడు తెరిచే ఉంది." వాడు టక్కున నోరు మూసుకున్నాడు. ఆరో తరగతి పిల్ల పడీపడీ నవ్వింది. లోపలి నుంచి మా అమ్మ, "ఆ మంత్రమేందో మన బోరు కాడ చదవమను నాయనా. రెండు బిందెలు గాదు, ఒక్క బిందె వచ్చినా చాలు" అంది. పశ్చిమ ప్రకాశంలో నీళ్ల ముచ్చట హాస్యంగా మొదలైనా అలాగే ముగియదు. పిల్లలు ఒక క్షణం నిశ్శబ్దమైపోయారు.

సాయంత్రం పుస్తకం తెరిచి చూశారు. అందులో నోటి గురించి అవునని లేదు, కాదని లేదు. ఈ ఆట తయారుచేసేవాళ్లకే ఇలాంటి ప్రశ్నలు దశాబ్దాలుగా వస్తున్నాయి. వాటికి జవాబులివ్వడానికి వాళ్ల 'డ్రాగన్' పత్రికలో 'సేజ్ అడ్వైస్' అని ప్రత్యేకంగా ఒక శీర్షికే నడిపారు. రాసినవాళ్లే ఇన్నేళ్లుగా వివరణలు ఇచ్చుకుంటూ ఉంటే, రాసింది మొదటిసారే సరిగ్గా ఉండాలని మన పిల్లల్ని మనం ఆశించడం అత్యాశ.

తీర్పు తప్పని తేలితే? దీనికి మనందరికీ గుర్తున్న ఉదాహరణ ఒకటుంది. 2019 జులై 14, లార్డ్స్‌లో వరల్డ్ కప్ ఫైనల్. ఇంగ్లండ్ 241, న్యూజిలాండ్ 241. సూపర్ ఓవర్‌లో అటు 15, ఇటు 15. ముందే రాసుకున్న రూలు ప్రకారం ఫోర్లు, సిక్సర్లు ఎవరివి ఎక్కువో చూశారు. 26కు 17తో ఇంగ్లండ్ గెలిచింది. ఇది న్యాయమా అని ప్రపంచమంతా అడిగింది. కప్పు మాత్రం వెనక్కి తీసుకోలేదు. అదే ఏడాది అక్టోబర్‌లో ఐసీసీ రూలు మార్చింది. సెమీఫైనల్, ఫైనల్ టై అయితే ఒకరు గెలిచేదాకా సూపర్ ఓవర్లు వేయాలని. ఈ రోజు ఆట ఉన్న రూలుతోనే ముగుస్తుంది, రేపటి ఆటకు రూలు బాగుచేసుకుంటారు. కొట్టం దగ్గర మా అమ్మాయి వాళ్ల అన్నకు చెప్పిందీ ఇదే, ఐసీసీని అడక్కుండానే.

మన పిల్లలకు ఈ పద్ధతి చదువులోనూ ఎదురవుతుంది. జేఈఈ మెయిన్‌లో ముందు ప్రొవిజనల్ కీ వస్తుంది, అభ్యంతరాలు తీసుకుంటారు, ఆ తర్వాతే ఫైనల్ కీ. లక్షలమంది రాసే పరీక్షలో కూడా ప్రశ్న అస్పష్టంగా ఉందని ఒప్పుకుని తొలగించే సందర్భాలుంటాయి. కానీ అక్కడ పిల్లవాడు అభ్యంతరం పెట్టేవాడే, తీర్పు ఇంకెవరో చెబుతారు. చిన్నప్పటి నుంచీ నాలుగు ఆప్షన్లలో ఒకటి గుండ్రంగా నింపే పిల్లలకు, ఏ ఆప్షనూ సరిపోనప్పుడు తామే ఒక జవాబు తయారుచేసి, నలుగురి ఎదుటా చెప్పి, ఆ మాటకు కట్టుబడి ఉండే అవకాశం ఎక్కడ దొరుకుతోంది? ఈ ఆటలో మాస్టర్ కుర్చీలో దొరుకుతుంది. మూడు గంటల్లో కనీసం పది తీర్పులు. ప్రతి తీర్పుకూ ఎదురుగా అలగడానికి సిద్ధంగా ఉన్న నలుగురు.

మావాడి సంగతి చెప్పకపోతే వాడు అలుగుతాడు. ఎనిమిదేళ్లవాణ్ణి ఏం చేయాలని పుస్తకంలో ఎక్కడా లేదు. మా అమ్మాయి వాడికి కుక్క పాత్ర ఇచ్చి, దెబ్బలెన్ని తగిలినా చావడు, ఆ పోట్లాట అయ్యేదాకా నిద్రపోతాడంతే అంది. ఒక్కరూ అభ్యంతరం పెట్టలేదు. ఆటలో అరటిపండు అంటే ఏమిటో తెలియని తెలుగు పిల్లలుంటారా! దాగుడుమూతల్లో చిన్నవాళ్లను దొరికినా దొంగను చేయకపోవడం ఎవరు రాసిన రూలు? ఎవరూ రాయలేదు. చిన్నవాణ్ణి ఏడిపించకుండా, ఆట చెడిపోకుండా ఎప్పుడో ఎవరో కనిపెట్టారు, అన్ని ఊళ్లూ ఒప్పుకున్నాయి.

అయిదోరోజు ఆట మొదలుపెట్టకముందు మావాడు పలక అందుకున్నాడు. "నాకు అరటిపండు వద్దు. నా కుక్క కూడా చావాలి" అన్నాడు. అక్క రెండుసార్లు అడిగింది, మళ్లీ ఏడవకూడదని చెప్పింది. వాడు తలూపాడు. ఆ సాయంత్రమే కుక్క చచ్చిపోయింది. వాడు ఏడ్చాడు, బాగానే ఏడ్చాడు. కానీ తూచ్ అనలేదు. రాత్రి అన్నం దగ్గర తన కుక్క ఎంత వీరంగా పోయిందో వాళ్ల జేజికి నాలుగుసార్లు చెప్పాడు.

ఇప్పుడు ట్యాబ్ దగ్గరికి వద్దాం. ఇంట్లో రూల్ బుక్ రాసేది మనమే, అంపైర్లమూ మనమే. అందుకే మొదటిసారి లొసుగు బయటపడినప్పుడు దాని లాభం పిల్లలకే వదలాలని నేనంటాను. మా ఆవిడ పూర్తిగా ఒప్పుకోదు, అది వేరే సంగతి. బీమా ఒప్పందాల తగాదాల్లో మాట రెండు రకాలుగా అర్థమైతే రాసినవాళ్లకు వ్యతిరేకంగా అర్థం చెప్పే సూత్రం కోర్టుల్లో ఉంది. మన పాలసీ మనమే రాశాం, కాబట్టి ఆ రాత్రికి ట్యాబ్ వాడిదే. మర్నాడు పొద్దున, ఎవరి చేతిలోనూ ఏదీ లేనప్పుడు, "స్క్రీన్ ఉన్నదేదైనా" అని రూలు మార్చండి. అది మీకూ వర్తిస్తుందా అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు ముందే ఆలోచించుకుని వెళ్లండి. మా ఇంట్లో ఆఫీసు ఫోన్‌కు మినహాయింపు దొరికింది, వార్తల వీడియోలకు దొరకలేదు.

ఆట మొదలుపెట్టాలనుకునేవాళ్లకు రెండు మాటలు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ప్రాథమిక రూల్స్ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి, మొదటి ఏడాదికి అవి చాలు. ఇరవై ముఖాల పాచిక లేకపోతే 1 నుంచి 20 దాకా చీటీలు రాసి చెంబులో వేసి తీయించండి, తీసినదాన్ని మళ్లీ అందులోనే వేయాలి. నలుగురు పిల్లలు, మూడు గంటలు, తినడానికి ఏదైనా. మాస్టర్‌గా అందరికన్నా తెలివైనవాణ్ణి పెట్టాలని లేదు, అందరి మాటా వినేవాళ్లయితే ఆట బాగా సాగుతుంది. లోపల కేకలు వినిపిస్తాయి. తీర్పు చెప్పమని ఎవరో ఒకరు మీ దగ్గరికి పరుగెత్తుకొస్తారు. "మీ మాస్టర్ ఎవరు?" అని అడిగి, మళ్లీ లోపలికి పంపించండి.